ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్నవారికి ఇంట్లో సేవ: గోదావరి డెల్టా కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఎలా ఉందండీ అని డాక్టరు అడిగితే మన వైపు పెద్దవాళ్లు చెప్పే జవాబు ఒక్కటే: "ఆయ్, బానే ఉందండి." రాత్రంతా మంచం మీద కూర్చుని తెల్లవార్చిన మనిషి కూడా ఆ మాటే అంటాడు. పక్కనున్న కొడుకో కూతురో మందుల చీటీ పట్టుకుని బయటికొచ్చేస్తారు. సేవ తప్పేది ఇక్కడే. కణితి ఎంత పెరిగిందో స్కాన్ చెబుతుంది. మనిషి బాత్రూం దాకా నడవగలుగుతున్నాడా, ముద్ద దిగుతోందా, వెల్లకిలా పడుకోగలుగుతున్నాడా అన్నది మాత్రం ఇంట్లోవాళ్లు చూసి చెబితేనే డాక్టరుకి తెలుస్తుంది.

పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన వైద్యం, డాక్టర్లు చేతులెత్తేశాక ఇచ్చేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2010లో అమెరికాలోని బోస్టన్‌లో, ఒంట్లో పాకిపోయిన ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 151 మందిని రెండు జట్లు చేసి చూశారు. మామూలు వైద్యంతోపాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం కూడా అందినవాళ్లలో దిగులు తక్కువగా ఉంది, చివరి రోజుల్లో ఒంటిని హింసపెట్టే చికిత్సలూ తగ్గాయి. వాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం, అంటే జట్టులో సగం మంది దాటిన కాలం, 11.6 నెలలు. మామూలు వైద్యం మాత్రమే అందిన జట్టుకి 8.9 నెలలు. అందుకే కింద చెప్పేవన్నీ జబ్బు తేలిన వారం నుంచే మొదలుపెట్టండి.

మొదటి పని: ఒక నోటుపుస్తకం

అట్ట మీద పెద్ద అక్షరాలతో నాలుగు సంగతులు రాయండి: కణితి కుడివైపా ఎడమవైపా, పడని మందులు, వాడుతున్న మందులు, రాత్రివేళ ఫోను చేయాల్సిన నంబరు. కుడి ఎడమలు ఎందుకో రక్తం సంగతి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

లోపలి పేజీల్లో పొద్దున ఒకసారి, దీపాలు పెట్టేవేళ ఒకసారి రాయాలి: ఆయాసం ఎంత, నొప్పి ఎంత, జ్వరం, తిన్నది, విరేచనం అయిందా లేదా, నిద్ర. బరువు వారానికోసారి చాలు. నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటే చాలామంది పెద్దవాళ్లు తికమకపడతారు. "రూపాయిలో ఎంత నొప్పి నాన్నా? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతారు. ఆయాసానికి ఇంకో కొలత ఉంది. మాట్లాడేటప్పుడు ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు వస్తున్నాయో లెక్కపెట్టండి. నిన్న పది మాటలు వచ్చి ఇవాళ నాలుగే వస్తే, ఆయన "బానే ఉంది" అన్నా సరే, బాగాలేదని అర్థం.

గది, మంచం

వెనక గదిలో పడుకోబెట్టకండి. గాలి ఇటునుంచి అటు పోయే వసారా గాని ముందుగది గాని మంచిది. నులక మంచం సాగి మధ్యలో గుంటపడుతుంది, ఆ గుంటలో నడుం వంగి పొట్ట పైకి ఒత్తుకుని ఊపిరి ఆడనివ్వదు. పడక కుర్చీలోనూ ఇదే ఇబ్బంది. బల్లమంచం మీద పరుపు వేసి, తలగడలు మెట్లలా పేర్చాలి: కిందది నడుం నుంచి, మధ్యది వీపుకి, పైది తలకి. తల కింద మాత్రమే రెండు పెడితే మెడ వంగుతుంది గాని ఛాతీ లేవదు. మోకాళ్ల కింద చిన్న దిండు తప్పనిసరి. అది లేకపోతే మనిషి కిందికి జారిపోతూ ఉంటాడు, ఆ రాపిడికి పిర్రల దగ్గర చర్మం చిట్లుతుంది.

పొగ ఏ రూపంలోనూ దగ్గరికి రాకూడదు. కట్టెల పొయ్యి, నీళ్లు కాచడానికి వేసే కొబ్బరి డొక్కలు, సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చక్రం అన్నీ లెక్కే. దోమలకి దోమతెర కట్టండి. కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో ఆ వైపు కిటికీలు మూసేయండి. లంక పొగాకు చుట్టకి ఏళ్లపాటు అలవాటుపడ్డవారు ఇప్పుడు మానినా ఉపయోగమే: చికిత్స బాగా పనిచేస్తుంది, దగ్గు తగ్గుతుంది. ఈ కేన్సర్‌కి ఇచ్చే ఎర్లోటినిబ్ అనే మాత్ర వాడేవారు పొగ తాగితే మందు రక్తంలో పలచబడిపోతుంది కూడా. మానమని చెప్పండి గాని "నువ్వే తెచ్చుకున్నావు" అనకండి. ఏనాడూ చుట్ట ముట్టని ఆడవాళ్లకీ ఈ జబ్బు వస్తోంది.

ఇది అంటుకునే జబ్బు కాదు. మొదట్లో క్షయ అనుకుని మందులు వాడిన ఇళ్లలో కంచం, గ్లాసు వేరుపెట్టే అలవాటు అలాగే ఉండిపోతుంది. కళ్లె పరీక్షలో క్షయ లేదని తేలితే ఆ వేరు కంచం తీసేయండి. మనవలని దగ్గర కూర్చోనివ్వండి.

ఆయాసం

ఈ జబ్బులో మనిషిని నొప్పి కంటే ఎక్కువ భయపెట్టేది ఆయాసం. భయంతో ఊపిరి వేగం పెరుగుతుంది, ఆ వేగానికి ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసు తెంచడం నేర్చుకుంటే సగం రాత్రులు ఆసుపత్రికి పరిగెత్తక్కర్లేదు. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు ఈ వరసలో చేయండి.

1. పడుకోబెట్టకండి. మంచం అంచునో కుర్చీలోనో కూర్చోబెట్టి ముందుకి వాల్చి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. లేదా ఎదురుగా బల్ల మీద తలగడ పెట్టి దాని మీదికి వాలనివ్వండి. భుజాలు బరువు మోయడం మానితే ఛాతీ కండరాలు ఊపిరికి పనికొస్తాయి.

2. చుట్టూ మూగినవాళ్లని పంపేయండి. ఒక్కరే ఉండాలి, ఒక్కరే మాట్లాడాలి, మెల్లగా.

3. తాటాకు విసనకర్ర గాని చేతిలో పట్టే బ్యాటరీ ఫ్యాను గాని తీసుకుని, ముఖానికి జానెడు దూరంలో, ఒక పక్క నుంచి బుగ్గ మీదుగా ముక్కు వైపు గాలి తగిలేలా విసరండి. ఐదు నిమిషాలు ఆపకండి. బుగ్గల్లో, ముక్కు దగ్గర ఉన్న నరానికి చల్లగాలి తగిలితే మెదడుకి ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది. పైనుంచి తిరిగే సీలింగ్ ఫ్యానుతో ఈ ఫలితం రాదు. తడిగుడ్డతో ముఖం తుడిచినా మేలే.

4. "గట్టిగా పీల్చు" అనకండి, అందరూ చేసే తప్పు అది. బిగబట్టి పీల్చిన గాలి బయటికి పోక లోపలే నిలుస్తుంది. వేడి టీ ఊదుకున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలమనండి. ముక్కుతో పీల్చడం రెండు అంకెలు లెక్కపెట్టేంత, వదలడం నాలుగు అంకెలంత. మీరూ ఎదురుగా కూర్చుని అదే లయలో ఊపిరి తీస్తుంటే ఆయన మిమ్మల్ని చూసి పట్టుకుంటారు.

5. ఆయాసానికని డాక్టరు ముందే రాసిచ్చిన అదనపు మోతాదు ఉంటే ఇవ్వండి, వేళ రాయండి. గట్టి నొప్పికి వాడే మార్ఫిన్‌ని నోటి ద్వారా తక్కువ మోతాదులో ఇస్తే కొందరికి ఆయాసానికి కూడా పనిచేస్తుంది.

అరగంటలో తగ్గకపోతే, పెదాలు నీలంగా మారితే, ఒక్కసారిగా ఛాతీ నొప్పితో మొదలైతే 108కి ఫోను చేయండి.

ఆయాసం కొత్తగా పెరిగితే "జబ్బు ముదిరింది" అని సరిపెట్టుకోకండి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉండొచ్చు, రక్తం తగ్గి ఉండొచ్చు, నిమ్ముచేసి ఉండొచ్చు, కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి ఎక్కి ఉండొచ్చు. ఇవన్నీ వైద్యం ఉన్నవే. నీరు తీసేటప్పుడు సాధారణంగా ఒక విడతలో లీటరు నుంచి లీటరున్నర మించి తీయరు. నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోకే నీరు ఊరుతుంది. కాబట్టి "మొత్తం తీసేయండి" అని పట్టుబట్టొద్దు. మళ్లీ మళ్లీ చేరుతుంటే టాల్క్ పొడి ఎక్కించి ఆ ఖాళీని అతికించడం, లేదా ఇంటి దగ్గరే నీరు తీసుకునేలా సన్నగొట్టం అమర్చడం గురించి అడగండి. ఛాతీకి గొట్టం, సీసా ఉండగా ప్రయాణం చేయాల్సివస్తే సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి, నిటారుగా ఉండాలి. పంటు ఎక్కేటప్పుడు సీసాని పైకెత్తి అందించుకుంటే అందులో నీళ్లు వెనక్కి ఛాతీలోకి పోతాయి.

స్నానం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్లతో, తలుపు గడియ వేయకుండా చేయించాలి. ఆవిరి నిండిన గదిలో ఆయాసం వస్తుంది. మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవడం మాన్పించి కమోడ్ కుర్చీ కొనండి. నడిచే దారి మధ్యలో ఒక కుర్చీ వేసి ఉంచండి. అక్కడ ఆగొచ్చన్న ధీమాతో మనిషి అరుగు దాకా వస్తాడు.

ఆక్సిజన్

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె కుదిరే దాకా నిమిషం ఆగి చూడాలి. చెయ్యి చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. 90 కంటే బాగా పైన ఉన్నవాళ్లకి ఆక్సిజన్ పెట్టినా పెద్దగా ఉపయోగం లేదు, వాళ్లకి విసనకర్రే మేలు. ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. ఆయాసంగా ఉందని ఇంట్లోవాళ్లు లీటర్లు పెంచేస్తే అలాంటివారు మత్తులోకి జారిపోవచ్చు.

గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే ఐదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ యంత్రం దాదాపు 350 వాట్లు లాగుతుంది. ఇంట్లో ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ దాన్ని మూడు గంటలు నడిపితే గొప్ప, పాత బ్యాటరీ అయితే అదీ ఉండదు. అందుకని సిలిండరు సిద్ధంగా ఉండాలి. లెక్క తేలిక: చిన్న బి రకం సిలిండర్లో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు. పెద్ద డి రకంలో సుమారు 7,000 లీటర్లు, అదే చొప్పున 58 గంటలు. యంత్రాన్ని గోడకి అడుగు దూరంలో పెట్టి, ఫిల్టరు వారానికోసారి కడిగి ఆరబెట్టండి. బుడగలొచ్చే సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు రోజూ మార్చాలి. ఆ గదిలో దీపం, హారతి, అగ్గిపుల్ల, గ్యాసు పొయ్యి ఏవీ వద్దు. ముక్కు ఎండిందని వాసెలిన్ గాని కొబ్బరినూనె గాని రాయకండి, జిడ్డుకి ఆక్సిజన్ తోడైతే తేలిగ్గా నిప్పంటుకుంటుంది. నీటితో తయారైన జెల్ వాడండి. చెవుల వెనక గొట్టం ఒరుసుకునే చోట దూది చుట్టండి.

దగ్గులో రక్తం

కళ్లెలో చారలుగా కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. టీ గ్లాసుడు పడితే అది అత్యవసరం. అప్పుడు కణితి ఉన్న వైపు కిందికి ఉండేలా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. అలా చేస్తే బాగున్న ఊపిరితిత్తిలోకి రక్తం జారదు. అట్ట మీద కుడి ఎడమలు రాయమన్నది ఇందుకే. ముదురు ఎరుపు తువ్వాళ్లు రెండు మంచం దగ్గర ఉంచుకోండి. తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే ఆయనా మీరూ బెదిరిపోతారు. గుండెకని ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పి ఉంచాలి.

నొప్పి, మార్ఫిన్

నొప్పి వచ్చాక మందు వేయడం కాదు, గడియారం చూసి వేయడం పద్ధతి. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలు పనిచేస్తుంది. ఆరు గంటలకోసారి వేస్తే మధ్యలో రెండు గంటలు మనిషి మూలుగుతూనే ఉంటాడు. వేసిన మాత్ర చాలక మధ్యలో నొప్పి పొడిస్తే వేయడానికి అదనపు మోతాదు వేరే రాయించుకోవాలి, సాధారణంగా అది రోజు మొత్తంలో ఆరో వంతు. రోజుకి మూడుకంటే ఎక్కువసార్లు అదనం కావలసివస్తే అసలు మోతాదు చాలడం లేదన్నమాట. నోటుపుస్తకం చూపిస్తే డాక్టరు సరిచేస్తారు. మోతాదు మీ అంతట మీరు మార్చకండి, ఒక్కసారిగా ఆపకండి.

మార్ఫిన్ మొదలుపెడితే ఇక ఆఖరి రోజులే అన్న భయంతో మాత్రలు డబ్బాలోనే ఉంచేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ భయం వదిలేయండి. నొప్పికి తగిన మోతాదులో వాడితే అది ప్రాణం తీయదు, మనిషిని మత్తుకి బానిసని చేయదు. మొదటి రెండు మూడు రోజులు మగత, వికారం ఉంటాయి, తర్వాత సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. అందుకే మార్ఫిన్ చీటీతోపాటే విరేచనం మందు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. ఇసబ్‌గోల్ మాత్రం వద్దు. పేగు కదలిక మందగించి, నీళ్లు తక్కువ తాగే మనిషికి అది లోపల ముద్దకట్టి ఇంకా బిగుస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే ఫోను చేయండి. తట్టినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ ఊపిరులు, కంటిపాప ఆవగింజంత కావడం మోతాదు ఎక్కువైన గుర్తులు, వెంటనే 108.

మామూలు మందుల షాపులో ఇది దొరకదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీన్ని ఉంచుకోవడం సులువైంది. మీరు వెళ్లే కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఎక్కడుందో అడగండి. మాత్రలు అయిపోవడానికి వారం ముందే బయల్దేరండి.

కీమో రోజులు, మాత్రల రోజులు

కీమో ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో థర్మామీటరు 100.4 ఫారన్‌హీట్ చూపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ వారం చద్దన్నం, తరవాణి, కోసి అమ్మే పళ్లు, బయట పచ్చళ్లు వద్దు. కొబ్బరిబొండం అప్పటికప్పుడు కొట్టించి తాగొచ్చు, మూత్రపిండాల ఇబ్బంది లేకపోతే.

జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి మాత్రలు వాడేవారికి ముఖం మీద మొటిమల్లాంటి పొక్కులు, గోళ్ల చుట్టూ పుండ్లు, విరేచనాలు వస్తాయి. పసుపు, సున్నిపిండి రుద్దకండి, సువాసన లేని క్రీము రాయండి. ఎర్లోటినిబ్ ఖాళీ కడుపుతో, తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేయాలి. ఎసిడిటీ మాత్రలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. పంపరపనస కొన్ని మందుల మోతాదు రక్తంలో పెంచే జాతి పండు. చెట్టు పెరట్లోనే ఉన్నా డాక్టర్ని అడగందే పెట్టొద్దు.

తిండి, నోరు, చర్మం

కంచం నిండా వడ్డిస్తే చూడగానే కడుపు నిండిపోతుంది. చిన్న పళ్లెంలో రోజుకి ఆరుసార్లు పెట్టండి. యాభై కిలోల మనిషికి రోజుకి 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకి 6 గ్రాములు, గ్లాసుడు పాలకి 6 నుంచి 7. పెసరట్టు, మెత్తగా ఉడికిన పప్పు, ముల్లు తీసిన కొర్రమీను, గట్టి పెరుగు ఆ లెక్క పూర్తి చేస్తాయి. ముళ్లు ఎక్కువున్న పులస ఈ సమయంలో వద్దు, దగ్గు వచ్చినప్పుడు ముల్లు గొంతులో పడితే ప్రమాదం. గొంతు బొంగురుపోయి నీళ్లు తాగితే పొలమారుతుంటే నీళ్ల కంటే చిక్కటి జావ నయం, గడ్డం కిందికి వంచి మింగమనండి.

నోటికి లీటరు కాచిన నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి. నాలుక మీద తెల్లపొర కట్టి, తుడిస్తే కింద ఎర్రగా కనిపిస్తే బూజు పట్టి ఉండొచ్చు, మందు కావాలి. మంచం పట్టినవారిని రెండు గంటలకోసారి ఒత్తిగిల్లబెట్టండి. ఎర్రబడ్డ చోట నూనె రాసి రుద్దకండి, లోపల చితికిన కండ ఇంకా చితుకుతుంది.

వెంటనే కదలాల్సిన గుర్తులు

కొత్తగా వెన్నునొప్పి, కాళ్లు పట్టుతప్పడం, మూత్రం ఆగిపోవడం: వెన్నుపాము నొక్కుకుంటోంది, ఒక రోజు ఆలస్యమైనా మళ్లీ నడవలేకపోవచ్చు. ముఖం, మెడ ఉబ్బి మెడ నరాలు తేలడం, వంగితే ఎక్కువవడం: పెద్ద సిర నొక్కుకుంటోంది. ఒక కాలే వాయడం, పొద్దున్నే తలనొప్పితో వాంతి, మూర్ఛ, విపరీతమైన దాహంతోపాటు మతి తప్పడం కూడా ఈ కోవలోవే.

వరద, తుపాను రోజులు

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను. లంకల్లో ఉండేవారు జూన్‌లోనే 15 రోజుల మందులు, చిన్న సిలిండరు, చార్జి చేసిన చేతి ఫ్యాను, ప్లాస్టిక్ కవర్లో కేసు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి ఇంట్లో ఉన్నారని ఆశా కార్యకర్తకి, సచివాలయానికి ముందే చెప్పి ఉంచండి. మొదటి హెచ్చరికకే గట్టు దాటించి బంధువుల ఇంటికి చేర్చండి. నీళ్లు ఊళ్లోకి వచ్చాక ఆయాసమున్న మనిషిని పడవలో తరలించడం చాలా కష్టం.

చెప్పాలా వద్దా

"నాన్నగారికి చెప్పకండి" అని డాక్టర్ని పక్కకి పిలిచి అంటాం. దాదాపు ఎప్పుడూ నాన్నగారికి తెలిసే ఉంటుంది. ఆయనా మనల్ని బాధపెట్టకూడదని ఊరుకుంటాడు. "మీకేమనిపిస్తోంది నాన్నా? ఏమైనా అడగాలని ఉందా?" అని వదిలేయండి. అడిగినంతకే జవాబు చెప్పండి, అబద్ధం చెప్పకండి. పొలం కాగితాలో, దూరంగా ఉన్న కూతురో, మాటల్లేని తమ్ముడో, ఆయన మనసులో ఉన్నది అప్పుడు బయటికొస్తుంది. సేవ చేసే మనిషికి వారానికి ఒక పూట పూర్తి సెలవు కావాలి. అది కోడలే అయితే ఆ పూట కొడుకు కూర్చోవాలి. ఎవరికి గుండె బరువెక్కినా ఫోనులో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక సాయం నంబరు టెలిమానస్ 14416 ఉంది.

చివరి రోజులు

నిద్ర ఎక్కువవుతుంది, తిండి దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు ఆకలి వేయదు, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతులో గురగుర వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఆ చప్పుడు మనకి భయంగా ఉంటుంది గాని ఆయనకి అంతగా తెలియదు. గొట్టం పెట్టి లాగించొద్దు, తగ్గించే మందు ఉంటుంది, అడగండి. మింగలేకపోతే మార్ఫిన్ ఆపకుండా వేరే దారిలో ఇవ్వమనండి. తులసి తీర్థం గాని గోదావరి నీళ్లు గాని పోయాలనుకుంటే దూది తడిపి పెదాలకి, చిగుళ్లకి అద్దండి, గొంతులో పోయకండి. పిలుపులు ఆఖరిదాకా వినిపించవచ్చు కాబట్టి ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని పేరు చెప్పి మామూలుగానే మాట్లాడమనండి. విసనకర్ర మాత్రం అప్పుడూ చేతిలో ఉండనివ్వండి, మెల్లగా, బుగ్గ పక్కనుంచి.